కాంట్రాక్టు బస్సుల పొగ కాలేజీ లెక్కలోకి వస్తుందా, రాదా?

పానగల్ గట్టు
నల్లగొండ పక్కనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తున్నాను, పేరు అడగొద్దు. న్యాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) వాళ్లు వస్తున్నారని, వాళ్లు చూసే అంశాల్లో ఏడోదైన క్రైటీరియన్ ఫైల్ కోసం గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్‌తో పాటు ఈసారి క్యాంపస్ కర్బన ఉద్గారాల లెక్క కూడా పెడదామని మేనేజ్‌మెంట్ అంది. మంచిదే. ఆ పని నా నెత్తిన పడింది. కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్, హాస్టల్ సిలిండర్ల రసీదులు అన్నీ దొరికాయి, గొడవంతా బస్సుల దగ్గర వచ్చింది. మొన్నటిదాకా బస్సులు కాలేజీవే, పోయినేడు కాంట్రాక్టర్‌కు అప్పజెప్పారు. ఇప్పటికీ బస్సు మీద కాలేజీ పేరే, రూట్లు మేమే వేస్తాం, బస్సు ఫీజు మేమే వసూలు చేస్తాం. "డీజిల్ కొట్టించేది వాడు కాబట్టి ఆ పొగ మనది కాదు, తీసెయ్" అంటున్నారు. తీసేస్తే పోయినేటి మీద మా ఉద్గారాలు దాదాపు సగం పడిపోయినట్టు గ్రాఫ్ వస్తుంది. రోడ్డు మీద చూస్తే అవే బస్సులు, అవే డ్రైవర్లు. నా మటుకు నేను కలపాల్సిందే అంటాను. మీరేమంటారు?

లెక్కల సారు
మీ కోపం అర్థమైంది సార్, కానీ నియమాలు కూడా చూడాలి. ఉద్గారాల లెక్కకు అందరూ వాడే నియమావళి జీహెచ్‌జీ ప్రోటోకాల్ 2001లో వచ్చింది, 2004లో సవరించారు. మనం స్వయంగా కాల్చేది స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2, మిగతా పరోక్షమైనవన్నీ స్కోప్ 3. మొదటి రెండూ తప్పనిసరి, మూడోది మన ఇష్టం. కాంట్రాక్టర్ బస్సు స్కోప్ 3, చూపించకపోతే నేరమేమీ కాదు. పైగా బస్సులు కలిపితే బైకులూ కలపాలి కదా? ఏ పిల్లవాడు ఏ ఊరి నుంచి ఎంత దూరం వస్తున్నాడో గూగుల్ ఫారంలో వాడేది రాస్తే అదే ఆధారం. సగం మంది నింపనే నింపరు, నింపినవాళ్లలో కొందరు పక్కవాడి ఫోన్ చూసి నింపుతారు. కరెంటు బిల్లు లాంటి పక్కా అంకెకు అలాంటిది కలిపితే చిక్కటి పాలలో బోరు నీళ్లు పోసినట్టే. చిన్నదైనా పక్కా లెక్క పెట్టండి, ఎవరొచ్చి అడిగినా రసీదు చూపించొచ్చు.

ఎడమకాల్వ
సారు చెప్పినదాంట్లో స్కోప్ 3 ఐచ్ఛికం అన్నంత వరకు నిజమే. కానీ ఆ బస్సు స్కోప్ 3 అని అంత తొందరగా ఎట్లా తేల్చేశారు? అదే ప్రోటోకాల్ ముందు హద్దు గీసుకోమంటుంది, పెట్టుబడి వాటా ప్రకారం గీస్తారా, ఆర్థిక నియంత్రణ ప్రకారమా, నిర్వహణ నియంత్రణ ప్రకారమా అని. రూటు మీది, టైం మీది, ఎవరిని ఎక్కించాలో మీదే అయినప్పుడు నిర్వహణ నియంత్రణ కాలేజీదే అని వాదించడానికి బాగానే చోటుంది, అప్పుడది నేరుగా స్కోప్ 1. ఆర్థిక నియంత్రణ అనుకుంటే స్కోప్ 3కి పోతుంది. ఏదో ఒకటి పట్టుకోండి, అయితే పట్టుకున్నాక ఏడాదికొకటి మార్చొద్దు.

అసలు సంగతి ఇంకొకటుంది, దీన్ని మేనేజ్‌మెంట్‌కు తప్పకుండా చూపించండి. సొంతంగా చేసుకునే పనిని బయటివాళ్లకు అప్పజెప్పి, దాన్ని స్కోప్ 3లో కూడా చూపించకపోతే, పోల్చి చూసే ఆధార సంవత్సరం లెక్కను కూడా దానికి తగ్గట్టు సవరించాలి. అంటే పోయినేటి అంకెలోంచి కూడా బస్సులు తీసెయ్యాలి. అప్పుడు మీ గ్రాఫ్‌లో ఆ దిగుడే ఉండదు. బస్సులు కలిపినా కలపకపోయినా "సగం తగ్గించాం" అనే మాట మాత్రం చెల్లదు.

ఇక బస్సుల పొగ ఎంత అనేది. ఊరికే అంచనాకు చెప్తున్నా, మీ అంకెలు మీరు వేసుకోండి. మిర్యాలగూడ రూటు పోను 40 కిలోమీటర్లు, రాను 40. పాత బస్సు లీటరుకు 4 ఇస్తుంది అనుకుంటే రోజుకు 20 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే రోజుకు 53 కిలోల పైనే. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే ఒక్క బస్సుకు దాదాపు 12 టన్నులు. అలాంటివి పది తిరిగితే 118 టన్నులు. అంత పొగ కరెంటుతో రావాలంటే, యూనిట్‌కు 0.72 కిలోల చొప్పున, లక్షా అరవై వేల యూనిట్ల పైన కాల్చాలి. మీ కాలేజీ ఏడాది బిల్లు అంతకు ఎక్కువో తక్కువో మీకే తెలుసు. అంత పెద్ద ముక్కను పక్కన పెట్టి ట్యూబులైట్లు తీసి ఎల్ఈడీలు పెట్టామని ఫొటోలు దిగుతాం.

లెక్కల సారు
ఆధార సంవత్సరం మాట ఒప్పుకుంటాను, గ్రాఫ్ వేయకూడదు. మిగతాది ఒప్పుకోను. స్కోప్ 3లో ఏడో వర్గం ఉద్యోగుల రాకపోకలు. విద్యార్థులు ఉద్యోగులా? ఇంకోటి, ఆర్టీసీలో వచ్చే పిల్లల పొగ ఆర్టీసీ తన లెక్కలో రాసుకుంటుంది, మీరూ రాసుకుంటారు. ఒకే లీటరు డీజిల్ రెండు చోట్ల కాలిందా?

పిల్లలమర్రి నీడ
పాలమూరు నుంచి. మేం డిగ్రీ కాలేజీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పిల్లలతో ఈ పని చేయించాం, న్యాక్ కోసం కాదు, ప్రాజెక్టుగా. ముందు సారు ప్రశ్నకు జవాబు: అవును, ఒకే లీటరు రెండు చోట్ల కనబడుతుంది, కావాలనే అలా పెట్టారు. ఆర్టీసీకి అది స్కోప్ 1, మనకు స్కోప్ 3. ఆర్టీసీ అంకెనూ మన అంకెనూ ఎవరూ కలిపి కూడరు కాబట్టి నష్టం లేదు. ఇంజన్ మంచిది పెట్టడం వాళ్ల చేతిలో ఉంటే, పిల్లలు బస్సెక్కేలా క్లాసు టైం సర్దడం మన చేతిలో ఉంది. విద్యార్థులు ఉద్యోగులు కాదు నిజమే, ఆ వర్గాలు కంపెనీల కోసం రాసుకున్నవి. కాలేజీల కోసమే చేసిన సాధనాలు చూడండి, అమెరికాలో న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ నడిపే సిమాప్‌లో విద్యార్థుల రాకపోకలకు విడిగా గడి ఉంది. కాలేజీకి పిల్లలు రావడమే ప్రధాన పని అయినప్పుడు ఆ రాకపోకలు లెక్కలో లేవంటే ఎట్లా?

బైకుల మీద సారు అనుమానం నిజమే, గూగుల్ ఫారం నమ్మి లాభం లేదు. మేం ఫారం పంపలేదు. ఇద్దరు పిల్లలు పొద్దున గేటు దగ్గర నిలబడ్డారు, ఒకరు బండ్లు లెక్కపెట్టడం, ఒకరు ఆపి "ఏ ఊరు, లీటరుకు ఎంత ఇస్తుంది, ఒక్కడివేనా ఇద్దరా" అని మూడే ప్రశ్నలు. మొదట వాళ్లను పోలీసోళ్ల మనుషులనుకుని హెల్మెట్ లేనివాళ్లు వెనక్కి తిప్పుకుని పోయారు, తర్వాత అలవాటైంది. వారంలో వేర్వేరు రోజులు ఎంచుకోవాలి, ఎందుకంటే ల్యాబ్ ఉన్న రోజు వచ్చేవాళ్లు, లేని రోజు వచ్చేవాళ్లు ఒకటి కాదు.

ఇక్కడే ఒక సంగతి గమనించండి. ఎడమకాల్వ అన్న లెక్కే తీసుకుందాం, ఆ బస్సులో 50 మంది ఉంటే మనిషికి రోజుకు కిలో పడుతుంది. అదే మిర్యాలగూడ నుంచి ఒక్కడే బైక్ మీద వస్తే, 80 కిలోమీటర్లకు 1.6 లీటర్ల పెట్రోల్, లీటరుకు 2.3 కిలోలు, అంటే మూడున్నర కిలోల పైనే. ఇప్పుడు కాలేజీ బస్సులను మాత్రమే లెక్కపెట్టి బైకులను వదిలేస్తే ఏమవుతుంది? ఏ కాలేజీ రెండు రూట్లు ఎత్తేసి పిల్లల్ని బైకుల మీదికి తోలుతుందో దానికే మంచి మార్కులు పడతాయి. అందుకే కలిపితే రెండూ కలపాలి. మా అమ్మాయిలు చాలామంది ఆర్టీసీలోనే వస్తారు, 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం వచ్చాక ఇంకా ఎక్కువయ్యారు. వాళ్లు వచ్చే పల్లెవెలుగులో కాలు పెట్టే సందు ఉండదు, మనిషికి పడే పొగ ఇంకా తక్కువే.

దామరచర్ల పోరడు
అందరికీ దండం. మా ఊరి పక్కన యాదాద్రి థర్మల్, 4000 మెగావాట్లకు కట్టింది. మీరేమో గేటు దగ్గర నిలబడి బైకులు లెక్కపెడుతున్నరు. ఆ చిమ్నీ ఒక్క పూటలో వదిలేది మీ కాలేజీలన్నీ కలిసి ఏడాదంతా వదలలేవు. ఇంకోటి, నల్లగొండకు సాగర్ ఉంది, నీళ్ల కరెంటు. దానికి 0.72 ఎందుకు వేసుకుంటున్నరు?

ఎడమకాల్వ
తమ్ముడూ, ఆ చిమ్నీ ఎవరి కోసం మండుతోంది మరి? కాలేజీ ఏసీ కోసం, మా ఇంటి మోటార్ కోసం. స్కోప్ 2 అంటే ఆ పొగలో మన వాటానే. ఇక సాగర్ కరెంటు సాగర్ చుట్టే తిరుగుతుందనుకోవడం పొరపాటు. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్‌ను మిగతా దేశం గ్రిడ్‌తో కలిపేశారు, తీగలో వచ్చేది నీళ్లదా బొగ్గుదా అని విడదీయలేం. అందుకే కేంద్ర విద్యుత్ అథారిటీ దేశం మొత్తానికి ఒకే సగటు ఇస్తుంది, యూనిట్‌కు 0.7 కిలోల పైన ఉంటుంది, ఏడాదికోసారి కొద్దిగా మారుతుంది. ఏ సంవత్సరం బిల్లుకు ఆ సంవత్సరం అంకె వేసుకోవాలి.

పానగల్ సార్, ఒకటి చూసుకోండి. మీది హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అయితే బిల్లు కేవీఏహెచ్ అనే వేరే కొలత మీద వస్తుంది. పొగ లెక్కకు కేడబ్ల్యూహెచ్, అంటే మామూలు యూనిట్లు కావాలి, అదే బిల్లులో వేరే వరుసలో ఉంటుంది. ప్యానెల్ మీద మీటర్ చూసి రాసుకుంటే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో (మీటర్ అంకెను అసలు వాడకంగా మార్చే గుణకం) గుణించాలి, లేకపోతే కాలేజీ మొత్తం ఒక ఇల్లంత కరెంటు వాడినట్టు వస్తుంది.

హాస్టల్ మూడో అంతస్తు
సార్లందరికీ నమస్తే. నేను స్టూడెంట్‌ని, వేరే కాలేజీ. మా దగ్గర ఇలాంటి లెక్క మొదలైన నెలకే గర్ల్స్ హాస్టల్‌లో గీజర్ టైం గంటకు తగ్గించారు. ఆఫీసు బ్లాకులో ఏసీ మాత్రం 18 మీదే ఉంటుంది, ఫైల్ మీద సంతకానికి పోయినప్పుడల్లా చలికి చున్నీ కప్పుకుంటాం. లెక్క ఎవరిదైనా కోత మాత్రం హాస్టల్‌కే. దయచేసి మీరు చేసేటప్పుడు బ్లాకుకో సబ్ మీటర్ పెట్టించండి, ఎవరు ఎంత కాలుస్తున్నారో బయటపడుతుంది. బస్సుల గురించి నాకు అంత తెలియదు కానీ, హాస్టల్ పిల్లలకు రోజూ రాకపోకలు ఉండవు కదా. మొత్తాన్ని తలసరి చేస్తే ఆ సంగతి కూడా రాయండి.

ఏసీ మెకానిక్, మిర్యాలగూడ
నేను చదువుకున్నది ఐటీఐ. మీరంతా డీజిల్, కరెంటు అంటున్నరు, ఏసీ గ్యాస్ మాట ఎవరూ ఎత్తలేదు. కాలేజీలకు సర్వీసుకు పోతుంటా. కూలింగ్ తగ్గిందంటే చాలామంది ఏం చేస్తరంటే, లీకు ఎక్కడుందో వెతకరు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర వాల్వ్ తిప్పి పాత గ్యాస్‌ను బుస్సుమని గాలికి వదులుతరు, పైపు మీద తెల్లగా మంచు పడుతది, చెయ్యి పెడితే చురుక్కుమంటది. తర్వాత కొత్త గ్యాస్ ఎక్కిస్తరు. బిల్లు మీద "గ్యాస్ ఫిల్లింగ్" అని ఒక్క మాట, కిలోలుండవ్. మీకు కిలోలు కావాలంటే పని మొదలుపెట్టే ముందు మా సిలిండర్‌ను తూకం వేయించండి, పనైనాక మళ్లీ తూకం వేయించండి. ఏ గ్యాసో యూనిట్ మీద స్టిక్కర్ ఉంటది.

పిల్లలమర్రి నీడ
అన్నా, మంచి మాట చెప్పారు. ఆర్-410ఏ అనే ఏసీ గ్యాస్ ఒక కిలో గాలిలోకి పోతే రెండు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, పైన చెప్పిన బస్సు రెండు నెలలు తిరిగినంత. ఆర్-32 అయితే 675 కిలోలు. పాత ఏసీల్లో ఆర్-22 ఉంటుంది, దానికీ 1,800 దాకా ఉంటుంది కానీ అది క్యోటో వాతావరణ ఒప్పందంలోని వాయువుల జాబితాలో లేదు కాబట్టి ప్రోటోకాల్ ప్రకారం మూడు స్కోపుల బయట విడిగా రాయాలి. హాస్టల్‌లో కట్టెల పొయ్యి ఉంటే దాని కార్బన్ డయాక్సైడ్ కూడా అంతే, విడిగా. ఇక వంటగ్యాస్ 19 కిలోల సిలిండర్ ఒక్కోటి కాలితే 57 కిలోల కార్బన్ డయాక్సైడ్.

మొక్కలు నాటామని మొత్తంలోంచి కోసెయ్యమంటారు చూడండి, అది మాత్రం చేయకండి. పీల్చుకున్నది వేరే పట్టికలో చూపించాలి, అదీ బతికిన చెట్లకే. హరితహారం ట్రీ గార్డులు చాలాచోట్ల ఉన్నాయి, లోపల మొక్క ఉందో లేదో వంగి చూడాలి.

పానగల్ గట్టు
అందరికీ థ్యాంక్స్. ఆధార సంవత్సరం సంగతి ప్రిన్సిపాల్ సార్‌కు చెప్పాను, గ్రాఫ్ పక్కన పెట్టారు. బస్సుల మీద ఇంకా టెన్షనే. "సరే కలుపు, కానీ కాంట్రాక్టర్ డీజిల్ బిల్లులు ఇవ్వడు, ఏం చేస్తావో చెయ్" అన్నారు. నిజంగానే ఇవ్వట్లేదు.

ఎడమకాల్వ
ఇవ్వకపోవడమే మంచిదైంది. ఆదివారాలు అవే బస్సులు పెళ్లిళ్లకు తిరుగుతాయి, ముహూర్తాల నెలల్లో డీజిల్ బిల్లు తీసుకుంటే యాదగిరిగుట్ట ట్రిప్పులన్నీ మీ నెత్తిన పడతాయి. కిలోమీటర్లు పట్టుకోండి. గేటు రిజిస్టర్‌లో వాచ్‌మన్ బస్సు నంబరు, టైం ఎలాగూ రాస్తాడు, పక్కన స్పీడోమీటర్‌లో కనిపించే కిలోమీటర్ల రీడింగ్‌కు ఒక గడి కలపమనండి. మైలేజీకి ఒక బస్సును ట్యాంక్ ఫుల్ చేయించి, వారం తిప్పి, మళ్లీ ఫుల్ చేయిస్తే తేలిపోతుంది. రాత్రి బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా అడగండి. డ్రైవర్ చివరి ఊళ్లోనే నైట్ హాల్ట్ అయితే ఖాళీ తిరుగుడు ఉండదు, రాత్రి టౌన్‌కు తిరిగొచ్చి పొద్దున మళ్లీ ఖాళీగా పోతే ఆ రూటుకు డీజిల్ రెట్టింపు.

లెక్కల సారు
స్పీడోమీటర్ రీడింగ్ ఉంటే నాకు అభ్యంతరం లేదు, అది రసీదు లాంటిదే. బైకుల అంకె మాత్రం విడి వరుసలో, అంచనా అని రాసి పెట్టండి, మొత్తంలో కలిపితే నేను మళ్లీ వస్తాను. ఆ పాత బస్సుల్లో సగానికి స్పీడోమీటర్ పనిచేయదు, ముందు అది చూసుకోండి.