2024 ఫార్ములా వన్ సీజన్: టైటిల్ తేల్చింది కారా, ట్రాకా?

స్లిప్‌స్ట్రీమ్_బెజవాడ
2024 ఫార్ములా వన్‌లో చివరి రేసు అబుదాబి అయిపోయింది, 2025 సీజన్ దాకా రేసుల్లేవు. ఈలోపు తీరిగ్గా మాట్లాడుకుందాం. డ్రైవర్ల టైటిల్ 437 పాయింట్లతో వెర్‌స్టాపెన్‌కి పోయింది, టీమ్ టైటిల్ 666తో మెక్‌లారెన్‌కి. వెర్‌స్టాపెన్ కారు రెడ్‌బుల్ కదా, అది టీమ్ టేబుల్లో (ఇద్దరు డ్రైవర్ల పాయింట్లూ కలిపి) 589తో మూడో స్థానం, ఫెరారీ 652 కంటే కూడా కింద. చాంపియన్ నడిపిన కారు మూడో స్థానంలో ఎందుకుంది అంటే టీమ్‌మేట్ పెరెజ్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు అందరూ, అది సగమే నిజం. నాకు కనిపించింది ఏంటంటే ఈ ఏడాది "ఏది ఫాస్ట్ కారు" అనే ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. తారు కొత్తదైతే ఒకరు, చలి ఎక్కువైతే ఇంకొకరు, వాన పడితే మరొకరు. ఏడుగురు డ్రైవర్లు తలా రెండు రేసులైనా గెలిచారు. మీరు చూసిన ట్రాకుల్లో, స్టాండ్‌లో కూర్చుని అయినా టీవీలో అయినా, ఏం గమనించారో రాయండి. ఫ్యాన్ వార్‌లు వద్దు ప్లీజ్.

టిఫోసీ_వైజాగ్
ముందు ఇటలీ రేసు మోంజా నేనే రాస్తాను, ఫెరారీ అభిమానిగా ఆ హక్కు నాదే 🔴
ట్రాక్ మొత్తం ఆ ఏడాదే కొత్త తారు వేశారు. కొత్త తారు నున్నగా ఉంటుంది, నల్లగా ఉండి ఎండకి బాగా వేడెక్కుతుంది, ప్రాక్టీస్‌లో టైర్ల మీద గ్రెయినింగ్ తెగ కనిపించింది. గ్రెయినింగ్ అంటే తెలియనివాళ్లకి: టైర్ పైపొర చిన్న చిన్న ఉండలుగా లేచి టైర్‌కే అంటుకుంటుంది, అప్పుడు రోడ్డుకి తగిలేది ఆ ఉండలే, పట్టు ఉండదు. అందరూ రెండు స్టాపులు (టైర్లు మార్చడానికి ఆగడం) తప్పవు అనుకున్నారు. మెక్‌లారెన్ వాళ్ల కారే ఫాస్ట్, ముందు వరుస మొత్తం వాళ్లదే (నారిస్, పియాస్ట్రీ), వాళ్లు రెండు సార్లు ఆగారు. మా లెక్లెర్ ఒక్కసారే ఆగి మిగతా రేసంతా ఒక్క హార్డ్ (గట్టి) టైర్ల సెట్ మీద లాగించేసి గెలిచాడు. రేసు సాగేకొద్దీ ట్రాక్ మీద రబ్బరు పడి గ్రెయినింగ్ తగ్గింది, ఫెరారీ పిట్‌వాల్ (స్ట్రాటజీ నిర్ణయించేవాళ్లు) అది చూసి నమ్మింది. ఇన్నేళ్లుగా స్ట్రాటజీ విషయంలో తిట్లు తిన్న టీమ్ అది. చివరి పది ల్యాప్‌లు పియాస్ట్రీ దగ్గరికొచ్చేస్తున్నాడని నాకు ఊపిరాడలేదు.

లాండో4_గుంటూరు
మోంజాలో మొదటి ల్యాప్‌లో పియాస్ట్రీ రెండో షికేన్ (వెంటవెంటనే వచ్చే వంకర మలుపులు) దగ్గర నారిస్‌ని దాటకపోయి ఉంటే మీకు ఆ రేసు దక్కేది కాదు అన్నా. సొంత టీమ్‌మేటే దాటాడు, ఆ ఊపులో లెక్లెర్ కూడా ముందుకు పోయాడు.

టిఫోసీ_వైజాగ్
కావచ్చు తమ్ముడు. కానీ టైర్ అరగకుండా నడిపింది మాత్రం లెక్లెరే.

డల్లాస్_తెలుగోడు
నేను ఆస్టిన్ రేసు టర్న్ 1 దగ్గర గడ్డి మీద కూర్చుని చూశాను, డల్లాస్ నుంచి మా బ్యాచ్ అంతా కార్లలో దిగాం. ఆ ఎత్తు టీవీలో అసలు తెలియదు. స్టార్ట్ లైన్ నుంచి కొండెక్కినట్టు పైకి వెళ్లి, పైన ఒక్కసారిగా ఎడమకి తిప్పాలి, డ్రైవర్‌కి మలుపు లోపలి అంచు చివరిదాకా కనపడదు. పోల్‌లో (మొదటి స్థానంలో) ఉన్న నారిస్, వెర్‌స్టాపెన్ ఒకరినొకరు బయటికి తోసుకుంటూ ఉంటే లెక్లెర్ లోపలి నుంచి నింపాదిగా దూరిపోయాడు. మా ముందే జరిగింది, మా చుట్టూ ఉన్నవాళ్లంతా లేచి నిలబడిపోయారు. తర్వాత రేసంతా ఫెరారీదే, ఒకటి రెండు స్థానాలు వాళ్లవే. అక్కడ కూడా కొంత భాగం కొత్తగా తారు వేశారు, అదీ ఫెరారీకి కలిసొచ్చింది అని నా అభిప్రాయం. మెర్సిడెస్ హామిల్టన్ పాపం మూడు ల్యాప్‌లు కూడా నడపకుండానే స్పిన్ అయి గ్రావెల్లో (కంకరలో) ఇరుక్కున్నాడు, మా పక్కన ఒక చిన్న పాప హామిల్టన్ టోపీ పెట్టుకుని వచ్చింది, ఇక రేసంతా మౌనంగా కూర్చుంది.

వాన_రేసుల_మనిషి
బ్రెజిల్ రేసు ఇంటర్‌లాగోస్ గురించి రాయకుండా ఈ చర్చ పూర్తి కాదు. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

శనివారం వాన దంచి కొట్టి క్వాలిఫయింగ్ (స్టార్ట్ స్థానాలు తేల్చే సెషన్) ఆదివారం పొద్దుటికి జరిపారు. మనకి సాయంత్రం నాలుగింటికి క్వాలిఫయింగ్, రాత్రి తొమ్మిదింటికి రేసు, రెండూ ఒకే రోజు. క్వాలిఫయింగ్‌లో ఐదు రెడ్ ఫ్లాగ్‌లు (అందరినీ ఆపేయడం). స్ట్రోల్ గోడకి కొట్టాడు, సెషన్ ఆగింది, వెర్‌స్టాపెన్‌కి చివరి ల్యాప్ వేసే టైమ్ మిగల్లేదు. 12వ స్థానం, దానికి తోడు ఇంజిన్ మార్చినందుకు ఐదు స్థానాల పెనాల్టీ, మొత్తం మీద 17వ స్థానం నుంచి స్టార్ట్. పోల్ నారిస్‌ది. అప్పటికి ఇద్దరి మధ్య తేడా 44 పాయింట్లు. స్పెయిన్ తర్వాత పది రేసులుగా వెర్‌స్టాపెన్‌కి ఒక్క గెలుపు కూడా లేదు. టైటిల్ పోరు మళ్లీ తెరుచుకుంటుంది అని నేను గట్టిగా నమ్మిన రోజు అది.

ఇప్పుడు ట్రాక్ సంగతి. ఇంటర్‌లాగోస్‌కి కూడా రేసుకి ముందు కొత్త తారు వేశారు, కానీ ఎగుడుదిగుడుగా వచ్చింది. 2024 కార్లకి డౌన్‌ఫోర్స్ (కారుని నేలకి అదిమే గాలి బలం) ఎక్కువగా వచ్చేది అడుగు నుంచి, నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత పట్టు. గతుకులు ఉంటే కారుని కాస్త పైకి లేపాలి, లేపితే పట్టు పోతుంది. అసలే వాన. ఇంకోటి, ఎండలో అందరూ తిరిగే రేసింగ్ లైన్ మీద రబ్బరు పేరుకుని ఉంటుంది, తడిస్తే అది సబ్బు రాసిన గచ్చులా జారుతుంది. అందుకే వానలో ఆరితేరినవాళ్లు ఆ లైన్ వదిలేసి పట్టు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతారు. వెర్‌స్టాపెన్ చేసింది అదే. స్ట్రెయిట్ చివర సెన్నా ఎస్ (టర్న్ 1) దగ్గర మిగతావాళ్లు భయపడి ముందే బ్రేక్ వేస్తుంటే అతను వాళ్ల కంటే ఎంతో ఆలస్యంగా వేసి లోపలి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చాడు. అదే కారు నడిపిన పెరెజ్‌కి ఆ రోజు ఒక్క పాయింట్ రాలేదు. అందుకే కారు గొప్పదనం అనలేం.

సేఫ్టీ కార్ (ప్రమాదమప్పుడు అందరినీ తన వెనక నెమ్మదిగా నడిపించే కారు) తర్వాత రీస్టార్ట్ గుర్తుందా? 43వ ల్యాప్. టర్న్ 1లో వెర్‌స్టాపెన్ ఓకాన్‌ని దాటి లీడ్‌లోకి వచ్చాడు, అదే ల్యాప్‌లో అదే మలుపులో నారిస్ లైన్ తప్పి బయటికి పోయాడు. టైటిల్ ఆ మలుపులోనే అయిపోయింది. వెర్‌స్టాపెన్ 19 సెకన్ల తేడాతో గెలిచాడు, నారిస్ ఆరో స్థానం, తేడా 62 పాయింట్లకి పెరిగింది. ఆ వీకెండ్‌లోనే హామిల్టన్ బ్రెజిల్ చాంపియన్ సెన్నా 1990లో నడిపిన మెక్‌లారెన్‌ని అదే తడి ట్రాక్ మీద నడిపాడు, సెన్నా పోయి 30 ఏళ్లు. అది చూసినప్పుడు మాత్రం కళ్లు చెమర్చాయి, దాచను.

లాండో4_గుంటూరు
అన్నా అంతా బాగా రాశారు కానీ రెడ్ ఫ్లాగ్ సంగతి పక్కన పెట్టేశారు. అప్పటిదాకా లీడ్‌లో మెర్సిడెస్ రసెల్, వెనకే నారిస్. వాన పెరుగుతోంది అని ఇద్దరూ పిట్‌కి వచ్చి కొత్త ఇంటర్‌లు (ఓ మాదిరి వానకి వాడే టైర్లు) వేసుకున్నారు. ఓకాన్, వెర్‌స్టాపెన్, గ్యాస్లీ ఆగలేదు. వాన ఇంకా ముదిరి సేఫ్టీ కార్ వచ్చింది, సేఫ్టీ కార్ వెనక నడుస్తూనే కొలపింటో గోడకి కొట్టాడు, రెడ్ ఫ్లాగ్. ఆగనివాళ్లకి ఉచితంగా టైర్లు మార్చుకునే అవకాశం దొరికింది. సరైన నిర్ణయం తీసుకున్నవాళ్లు నష్టపోయారు. ఇది న్యాయమా?

బాక్స్_బాక్స్_వరంగల్
రెడ్ ఫ్లాగ్‌లో టైర్లు ఎందుకు మార్చనిస్తారు? రేసు ఆగితే ఉన్నది ఉన్నట్టు ఉంచాలి కదా? ఈ ఏడాదే చూడటం మొదలుపెట్టాను, తెలిసినవాళ్లు చెప్పండి.

వాన_రేసుల_మనిషి
మంచి ప్రశ్న. భద్రత కోసం. రెడ్ ఫ్లాగ్ పడిందంటే ట్రాక్ మీద ముక్కలు ఉండొచ్చు, టైర్ కోసుకుపోయి ఉండొచ్చు. లేదా అప్పటి వానకి ఆ టైర్ పనికిరాకపోవచ్చు. 2024 ఇంటర్ టైర్ 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 30 లీటర్ల నీళ్లు చిమ్మేది, ఫుల్ వెట్ (జోరు వాన టైర్) 85 లీటర్లు. అంత తేడా ఉన్నప్పుడు మార్చుకోవద్దు అంటే ప్రాణాల మీదకి వస్తుంది. దాని వల్ల కొందరికి లాభం వస్తుంది, నిజమే.
గుంటూరు తమ్ముడికి: ఆగకుండా ఉండటం కూడా ఒక నిర్ణయమే. అంత నీళ్లలో అరిగిన ఇంటర్‌ల మీద కారుని రోడ్డు మీద ఉంచడం చిన్న విషయం కాదు. పైగా అదృష్టం కలిసొచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఆల్పీన్ వాళ్లు, రీస్టార్ట్ తర్వాత వాళ్ల కంటే 19 సెకన్లు ముందుకు పోయింది ఒక్కడే.

కార్టింగ్_కుర్రాడు
తడి లైన్ గురించి నా అనుభవం. హైదరాబాద్ శివార్లలో ఒక కార్టింగ్ ట్రాక్‌కి రెగ్యులర్‌గా వెళ్తాను. జులైలో వాన పడి తగ్గాక మమ్మల్ని ట్రాక్ మీదకి దించారు. రోజూ వెళ్లే లైన్‌లో వెళ్తే స్టీరింగ్ తిప్పినా కార్ట్ నేరుగా పోతుంది, అదే రెండడుగులు బయటికి జరిగి మలుపు చుట్టూ తిరిగితే చక్కగా తిరుగుతుంది. చేతులకి తెలిసిపోతుంది ఎక్కడ గరుకుగా ఉందో. వందల హార్స్‌పవర్ కారులో, ముందు కారు చిమ్మే నీళ్లలో ఏమీ కనపడకుండా అది వెతుక్కోవడం నా ఊహకి అందదు.

సిల్వర్_యారో_సికింద్రాబాద్
మెర్సిడెస్ వైపు నుంచి కూడా ఒకటి రాయాలి, మా కారుది చలి కథ. లాస్ వేగస్‌లో రాత్రి పదింటికి రేసు, మనకి ఆదివారం పొద్దున పదకొండున్నర, ఇడ్లీలు తింటూ చూశాం ఇంటిల్లిపాదీ. అక్కడ నవంబర్ చలి, నున్నటి రోడ్డు, పొడవాటి స్ట్రెయిట్‌లు, స్ట్రెయిట్ మీద టైర్ చల్లారిపోతుంది. మిగతా కార్లకి గ్రెయినింగ్, మా కారుకి టైర్ సరిగ్గా పని చేసే వేడిలోనే ఉండిపోయింది. రసెల్ పోల్ నుంచి గెలిచాడు, హామిల్టన్ పదో స్థానం నుంచి రెండో స్థానానికి. అదే కారు ఎండ ట్రాకుల్లో టైర్లు కాల్చేసుకుని వెనకబడింది. డ్రైవర్లు మారలేదు, ఇంజిన్ మారలేదు. వెర్‌స్టాపెన్ నాలుగో టైటిల్ ఖాయమైంది కూడా ఆ రేసులోనే, ఐదో స్థానంలో వచ్చి.

బెల్జియం రేసు స్పా కూడా చెప్పాలి. రసెల్ ఒక్క స్టాప్‌తో గెలిచాడు, ఎవరూ ఊహించలేదు. రేసయ్యాక తూకం వేస్తే ఉండాల్సిన 798 కిలోలకి కిలోన్నర తక్కువ, డిస్క్వాలిఫై చేశారు, గెలుపు హామిల్టన్‌కి పోయింది. ఒక్క సెట్ మీద అన్ని ల్యాప్‌లు తిప్పితే టైర్ అరిగి బరువు తగ్గుతుంది. మామూలుగా రేసు అయ్యాక చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పుతూ రోడ్డు మీద రాలిన రబ్బరు ముక్కలు టైర్లకి అంటించుకుని కాస్త బరువు రాబడతారు. స్పా ఏడు కిలోమీటర్ల ట్రాక్, అక్కడ చెకర్డ్ ఫ్లాగ్ (రేసు ముగింపు జెండా) తర్వాత పూర్తి ల్యాప్ తిప్పకుండా నేరుగా పిట్‌లోకి వచ్చేస్తారు, ఆ వీలు లేదు. కిలోన్నర! ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

సింగపూర్_అక్క
మేము ఉండేది సింగపూర్‌లోనే కాబట్టి ఇక్కడి రేసుకి ప్రతి ఏడాదీ వెళ్తాం. రాత్రి రేసు అంటే చల్లగా ఉంటుంది అనుకుంటారు, ఉక్కపోతకి స్టాండ్‌లో కూర్చున్న మాకే బట్టలు తడిసిపోతాయి, కాక్‌పిట్‌లో రెండు గంటలు వాళ్ల సంగతి ఊహించండి. ఇక్కడ గోడలు దగ్గర, ఏదో ఒకటి జరిగి సేఫ్టీ కార్ రావడం ఆనవాయితీ. 2024లో రాలేదు, ఇక్కడ మొదటిసారి. నారిస్ రెండుసార్లు గోడకి రాసుకుంటూ కూడా 20 సెకన్ల తేడాతో గెలిచాడు. వేడిలో మెక్‌లారెన్ వెనక టైర్లు చల్లగా ఉంచుకుంటుంది అని అందరూ అంటారు కదా, అది ఇక్కడ కళ్లారా కనిపించింది, రేసు చివర్లో కూడా వాళ్ల కారు మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు వెనక భాగం కదలదు. మిగతా కార్లు ఊగుతూ వస్తాయి.

ట్యాంక్‌బండ్_ఓల్టేజ్
ఇది ఫార్ములా వన్ కాదు, కానీ ట్రాక్ అంటున్నారు కాబట్టి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగింది కదా, నేను స్టాండ్‌లో ఉన్నాను. మనం రోజూ బస్సుల్లో తిరిగే రోడ్డు. మధ్యాహ్నం కారు లైన్ తప్పితే చాలు దుమ్ము లేచేది, సాయంత్రానికి లైన్ శుభ్రపడింది కానీ పక్కకి వెళ్తే పట్టు లేదు. హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే మలుపు) దగ్గర జాగ్వార్‌లో సామ్ బర్డ్ లోపలికి దూరబోయి సొంత టీమ్‌మేట్ ఇవాన్స్‌నే కొట్టాడు, రెండు జాగ్వార్‌లూ పోయాయి. గెలిచింది వెర్న్, చివరి ల్యాప్‌ల్లో కాసిడీ వెనకే అంటుకుని ఉన్నా తక్కువ బ్యాటరీతో ఆపగలిగాడు. ఇంజిన్ మోత లేదు కాబట్టి టైర్ల కీచుమనే శబ్దం స్పష్టంగా వినపడింది. 2024 రేసు రద్దయింది. మన ఊళ్లో మళ్లీ జరగాలి అని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

స్లిప్‌స్ట్రీమ్_బెజవాడ
ఎంత బాగా రాశారు అందరూ. మొదటి ప్రశ్నకి వస్తే, పెరెజ్‌కి 152 పాయింట్లు, సీజన్ మొదట్లో మాత్రం అతను వరసగా పోడియం ఎక్కాడు. రెడ్‌బుల్ మొదటి పది రేసుల్లో ఏడు గెలిచింది. ఆ తర్వాత కారులో ముందు వెనక బ్యాలెన్స్ కుదరలేదు, ముందు పట్టు ఉంటే వెనక జారడం, వెనక సర్దితే ముందు తిరగకపోవడం. వెర్‌స్టాపెన్ దాన్ని సర్దుకుని పాయింట్లు ఏరుకున్నాడు, పెరెజ్ సర్దుకోలేకపోయాడు. మెక్‌లారెన్ మయామి అప్‌గ్రేడ్ తర్వాత దాదాపు ప్రతి రకం ట్రాక్ మీదా పోటీలో ఉంది, ఇద్దరు డ్రైవర్లూ పాయింట్లు తెచ్చారు, అందుకే 1998 తర్వాత మళ్లీ టీమ్ టైటిల్. కానీ వాన పడ్డ సిల్వర్‌స్టోన్‌లో (బ్రిటన్ రేసు), ఇంటర్‌లాగోస్‌లో పిట్‌వాల్ తడబడింది. సిల్వర్‌స్టోన్‌లో పియాస్ట్రీని స్లిక్‌ల (పొడి ట్రాక్ టైర్ల) మీద ఒక ల్యాప్ ఎక్కువ ఉంచారు, నారిస్‌ని చివర్లో ఆలస్యంగా పిలిచి సాఫ్ట్‌లు (త్వరగా అరిగే మెత్తటి టైర్లు) వేశారు. డ్రైవర్ల టైటిల్ అలాంటి ఆదివారాల్లోనే పోయింది.

లాండో4_గుంటూరు
సిల్వర్‌స్టోన్ విషయంలో మాత్రం ఒప్పుకుంటాను. రెడ్ ఫ్లాగ్ విషయంలో ఒప్పుకోను 🧡

టిఫోసీ_వైజాగ్
అబుదాబిలో 14 పాయింట్లతో పోయింది మాకు టీమ్ టైటిల్. లెక్లెర్ 19వ స్థానం నుంచి మూడో స్థానానికి వచ్చినా సరిపోలేదు. 2025లో హామిల్టన్ మా ఫెరారీ ఎర్ర సూట్‌లో. మొదటి రేసు 2025 మార్చి 16 మెల్‌బోర్న్, మనకి పొద్దున తొమ్మిదిన్నర. ఆ టైమ్‌లో అక్కడ వాన పడే అవకాశం ఎంతో మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి, ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.