వారానికి ఒక్క పూట ఉంది, వైజాగ్‌లో ఏ పని పట్టుకోను?

మాది వైజాగ్. ఆదివారం పొద్దున్నే మూడు గంటలు ఖాళీ. పర్యావరణం కోసం ఒకే పని పట్టుకుని ఏడాది చేద్దామని ఉంది, ఏదో తేలడం లేదు.

ఆర్కే బీచ్‌లో ప్లాస్టిక్ ఏరితే వారం తిరిగేసరికి మళ్లీ అంతే. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల గురించి నాలాంటివాడు చేయగలిగేదేంటో అర్థం కాదు.

మనసంతా ఆలివ్ రిడ్లే తాబేళ్ల మీదే. చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. వలల్లో చిక్కుకుని, పైకి రాలేక, గాలి అందక చచ్చిపోయినవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తాబేలు పిల్లలేమో సముద్రం అనుకుని వీధి లైట్ల వైపు పాకుతాయి. (మా ఆవిడ నవ్వుతోంది, తాబేళ్ల పిచ్చి పట్టిందని.)

అటవీశాఖ హేచరీల్లో (తాబేలు గుడ్లను కాపాడి పొదిగించే చోట్లు) మామూలు జనాన్ని రానిస్తారా? ఎవరిని అడగాలి? సీజన్ కాని నెలల్లో ఏం చేస్తారు? చేసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.