రాజమండ్రిలో బౌలింగ్ సెంటర్ పెడితే నడుస్తుందా? 85 లక్షల ప్రశ్న

గోదారిగట్టు88:
అందరికీ నమస్కారం. మోరంపూడి దగ్గర మా నాన్నగారి గోడౌన్ ఒకటి ఉంది, 110 అడుగుల పొడవు, 50 వెడల్పు. ఇన్నాళ్లూ ఎరువుల డీలర్‌కి అద్దెకిచ్చాం, పోయిన నెల ఖాళీ చేసేశాడు. దసరా సెలవుల్లో పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లి ఓ మాల్‌లో బౌలింగ్ (క్రికెట్ది కాదు, చెక్కబాట లాంటి లేన్ మీద బాల్ దొర్లించి చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట) ఆడిద్దామంటే గంటసేపు నిలబడితే గానీ లేన్ దొరకలేదు, అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. మన ఊళ్లో సినిమా, గోదారి గట్టు, బిర్యానీ తప్ప ఫ్యామిలీతో వెళ్లడానికి ఏముంది చెప్పండి. 4 లేన్లకి కొటేషన్ తీసుకున్నాను, మెషిన్లు, ఇంటీరియర్, ఏసీ అన్నీ కలిపి 85 లక్షల దాకా అవుతోంది. 25 నా దగ్గరున్నాయి, 60 లోన్ పెట్టాలి. డల్లాస్‌లో ఉండే మా బావేమో అక్కడ మూసేసిన సెంటర్ల పాత మెషిన్లు చవగ్గా దొరుకుతాయి, కంటైనర్‌లో వేసి పంపిస్తానంటున్నాడు. అమ్మ మాత్రం అప్పు వద్దురా అంటోంది. ఈ ఫీల్డ్ నాకు అస్సలు తెలీదు, తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పిన్‌మెకానిక్:
తమ్ముడూ, హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు లేన్ల మెకానిక్‌గా చేశాను. ముందు ఒక్కటి చెప్పు, గోడౌన్ మధ్యలో స్తంభాలున్నాయా? ఫౌల్ లైన్ (బాల్ వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి ముందు పిన్‌కి 60 అడుగులు, ఆడేవాడు అడుగులేసుకుంటూ రావడానికి 15, పిన్నుల వెనక వాటిని మళ్లీ నిలబెట్టే మెషిన్, దాని వెనక మనిషి నిలబడి రిపేర్ చేసుకునే జాగా, అన్నీ కలిపి 85-90 దాకా పోతుంది, మిగిలిన ఇరవైలోనే సోఫాలూ బూట్ల కౌంటరూ. అంటే పొడవు సరిపోతుంది. జత లేన్లకి సుమారు 12 అడుగుల వెడల్పు కావాలి, ఆ దారిలో ఒక్క స్తంభం వచ్చినా ప్లానంతా మారిపోతుంది.

మీ బావ మాట మీద మాత్రం పాత మెషిన్లు తెప్పించొద్దు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, మోటార్ల స్పీడే మారిపోతుంది. పార్టులు ఇంకో తలనొప్పి. ఓ ఆదివారం సాయంత్రం పిన్ ఒకటి అడ్డం పడి బెల్ట్ తెగింది, ముందు పక్క బర్త్‌డే పార్టీ, పిల్లలు బాల్ పట్టుకుని నిలబడి చూస్తున్నారు, నేను వెనకాల టార్చ్ నోట్లో పెట్టుకుని గ్రీజు చేతుల్తో కుస్తీ పడుతున్నాను. ఆ బెల్ట్ స్పేర్ లేదు. ముంబై నుంచి వచ్చేసరికి 11 రోజులు పట్టింది, అన్నాళ్లూ ఆ లేన్ మూతే. ఆ బాబు ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు.

తీసుకుంటే తాళ్ల మెషిన్ తీసుకో. ప్రతి పిన్ తలకీ తాడు కట్టి ఉంటుంది, పడ్డాక పైకి లాగి మళ్లీ నిలబెడుతుంది, కదిలే పార్టులు తక్కువ, కరెంటు తక్కువ, ఊళ్లో కుర్రాడికి నేర్పిస్తే చూసుకోగలడు. తాళ్లు మెలిక పడతాయి కానీ విడదీసుకోవచ్చు. 2023లో అమెరికా బౌలింగ్ సంఘం వాళ్లు కూడా ఈ మెషిన్ల మీద ఆటకి విడిగా గుర్తింపు ఇచ్చారు.

ఇంకోటి, ఎరువుల గోడౌన్ అన్నావు. ఆ ఉప్పు నేలలోకి దిగిపోయి ఉంటుంది, ఇనుముని తినేస్తుంది. అది చూడకుండా రూపాయి కూడా పెట్టకు.

గుంటూరు_ప్లేజోన్:
బాబూ, గుంటూర్లో పిల్లల ప్లే జోన్ ఆరేళ్లు నడిపాను కాబట్టి చెప్తున్నాను, మాల్‌లో ఆదివారం చూసిన రద్దీని బట్టి లెక్కేసుకోవద్దు, మంగళవారం మధ్యాహ్నం వెళ్లి చూడు. ఒక మనిషి ఒక గేము, అంటే పది ఫ్రేములు (పది వంతులు) ఆడడానికి పది నిమిషాలు అనుకుందాం, లేన్‌కి గంటకి 6 గేములు, 4 లేన్లకి 24. గేము 200 పెడితే గంటకి 4,800. నెలకి 8 వీకెండ్ రోజులు, రోజూ 5 గంటలు ఫుల్ అనుకుంటే 1,92,000. మిగతా 22 రోజులు సాయంత్రం 2 గంటలు సగం లేన్లు నిండితే 1,05,600. మొత్తం దగ్గర దగ్గర 3 లక్షలు, అందులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే రెండున్నర. జీతాలు లక్ష, కరెంటు 50 వేలు, రిపేర్లు పాతిక వేలు పోతే చేతిలో 75 వేలు. 60 లక్షల లోన్‌కి 11 శాతం వడ్డీ, ఏడేళ్లంటే కిస్తీనే లక్ష దాటుతుంది. అద్దె లేకపోయినా ఇదీ పరిస్థితి, ఇక పరీక్షల నెలల సంగతి చెప్పక్కర్లేదు. మీ అమ్మగారి మాట ఊరికే తీసెయ్యకు.

నాకు నాలుగు డబ్బులు మిగిలింది బర్త్‌డే పార్టీల మీద, తినేవాటి మీద. అందుకని 2 లేన్లే పెట్టు, ఓ పార్టీ గది, శుభ్రమైన బాత్‌రూములు. ఎత్తు చాలితే రెండో పక్క షటిల్ కోర్టు వెయ్యి. కోర్టు 44 బై 20, పొద్దున్నే ఐదింటికి వచ్చేవాళ్లు నెలనెలా ఫీజు కడతారు, వాళ్లు వానొచ్చినా మానరు.

ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) లేకుండా తలుపు తియ్యొద్దు. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో పాతికమందికి పైగా పోయారు, పిల్లలు కూడా. ఆ వీడియోలు చూశాక మా జోన్‌లో రెండో దారి తీయించేదాకా నాకు నిద్ర పట్టలేదు.

టెక్సాస్_తెలుగు:
మీ బావగారున్న డల్లాస్‌లోనే ఉంటాను బ్రో. ఇక్కడ సెంటర్లని ఏళ్లపాటు నిలబెట్టింది లీగులు. ప్రతి మంగళవారం రాత్రి అదే టీమ్, అదే లేన్, నెలల తరబడి. ఆ జనం తగ్గాకే చాలా సెంటర్లు మూతపడ్డాయి, మెషిన్లు చవగ్గా దొరికేది అందుకే. మనూళ్లో ఆ అలవాటు మీరే చెయ్యాలి, ఇంజనీరింగ్ కాలేజీలు, బ్యాంక్ స్టాఫ్, షాపుల వాళ్లతో వారం మధ్యలో టీములు కట్టించండి. గుంటూరు ప్లేజోన్ మేడం చెప్పినట్టు చిన్నగా మొదలెడితే నాకైతే నమ్మకం ఉంది.

గోదారిగట్టు88:
అందరికీ చాలా థాంక్స్. ఇందాకే టేపు పట్టుకుని వెళ్లొచ్చాను, మధ్యలో వరసగా నాలుగు స్తంభాలున్నాయి, అటూ ఇటూ 24 అడుగుల చొప్పున ఖాళీ. అంటే ఒక పక్క 2 లేన్లు, పార్టీ గది, రెండో పక్క షటిల్ పడతాయనిపిస్తోంది. బావకి ఫోన్ చేసి కంటైనర్ వద్దని చెప్పేశాను, కొంచెం నొచ్చుకున్నాడు. మెకానిక్ అన్నా, ఓ శనివారం వచ్చి నేల చూస్తారా? రానుపోను ఖర్చు, భోజనం నావి.

పిన్‌మెకానిక్:
వస్తాను తమ్ముడూ. ఈలోపు ఓ మూల నాలుగడుగులు శుభ్రంగా కడిగించి వారం ఆరనివ్వు, ఉప్పు తెల్లగా పూతలాగా పైకి తేలితే ఫొటో ఇక్కడ పెట్టు.