కొండ కింద ఇళ్లు: వానల్లో మీ పెద్దవాళ్లు ఏం గమనించేవాళ్లు?

పాలకొండ వాకిలి (కడప)
మాది పాలకొండల కింద చిన్న పల్లె. మా వీధి వెనక కొండ అడుగును రెండేళ్ల కింద ఇళ్ల స్థలాల కోసం జేసీబీతో నిలువుగా కోసేశారు. పోయిన కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రాత్రి ఎర్రమన్ను, రాళ్లు జారి మా వెనక గోడ దాకా వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పట్నుంచి మబ్బు పడితే చాలు, మా అమ్మకు నిద్ర లేదు.
ఆ సాయంత్రమే మా అవ్వ "వంకలో నీళ్ల రంగు మారింది, చూడండిరా" అంది. ఎవరం పట్టించుకోలేదు. అదే నన్ను తొలుస్తోంది. మీ ఊళ్లలో ఇట్లాంటి గుర్తులు ఏం చెప్పేవాళ్లో రాయండి.

మేకల మంద (రాయచోటి దారి)
మీ అవ్వ మాట నిజం అన్నా. మా నాయన గువ్వలచెరువు కనుమ చుట్టుపక్కల నలభై ఏళ్లు మేకలు కాసినాడు. తేటగా వచ్చే ఊట ఉన్నట్టుండి మన్ను కలిపి వస్తే ఆ పక్కకు మందను పోనిచ్చేవాడు కాదు. ఇంకొకటి, వాన పడతానే ఉన్నా వంకలో నీళ్లు తగ్గితే సంతోషపడొద్దు అనేవాడు. పైన మన్నో చెట్లో అడ్డం పడి నీళ్లు నిలిచాయని దాని అర్థం. ఆ అడ్డం తెగితే అంతా ఒక్కసారిగా వస్తుంది. అందుకే మందను వంక మూతిలో ఎప్పుడూ ఆపలేదు, పక్క మిట్టకే తోలేవాడు.
కొండ మీద పగులు కనిపిస్తే అటొక మేకు ఇటొక మేకు కొట్టి, మధ్య దూరం తాడుతో కొలిచి ముడి వేసుకునేవాడు. మర్నాడు తాడు చాలకపోతే ఆ కింద ఎవరినీ ఉండనిచ్చేవాడు కాదు.

బడిపంతులు (ప్రొద్దుటూరు)
మేకుల పద్ధతి చాలా మంచిది, అందరూ చేయదగ్గది. మన కొండల్లో చాలాచోట్ల పైన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, దాని కింద పొరలుగా విడిపోయే షేల్ అనే మెత్తటి రాయి ఉంటాయి. పై రాతి పగుళ్లలోంచి దిగిన నీళ్లు షేల్‌ను మెత్తబరుస్తాయి. అడుగును కోసేస్తే పైదానికి ఆసరా పోతుంది.
కానీ ఒక్క మాట. గుర్తులు పగలే కనిపిస్తాయి. 2024 జులై 30న కేరళలోని వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద కొండ విరిగిపడింది తెల్లవారకముందే, జనం నిద్రలో ఉన్నప్పుడు. గట్టి వాన ఉందంటే, గుర్తు కనిపించినా కనిపించకపోయినా, చీకటి పడకముందే వేరే చోటికి పోండి.

నల్లమల బాట (ఆత్మకూరు)
అడవిలో కూలి పనికి పోయినప్పుడు ఒక చెంచు పెద్దాయన మాకు దారి చూపించాడు. వానాకాలం ఒకచోట దగ్గరి దారి వదిలి చుట్టు తిప్పాడు. ఎందుకని అడిగితే చెట్లు చూపించాడు. మొదలు దగ్గర కిందికి వంగి, పైన మళ్లీ నిటారుగా లేచాయి. "ఇక్కడ నేల నడుస్తాంది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

గుండ్లకొండ (అనంతపురం)
మా దిక్కు మన్ను కన్నా గుండ్లతోనే భయం. గుండు కింద ఆనించి ఉన్న చిన్న రాయిని గోడకనో పునాదికనో తీయనిచ్చేవాళ్లు కాదు. వాన తర్వాత గుండు కిందనుంచి గరుసు రాలుతోందా అని చూసేవాళ్లు. గట్ల మీద కిత్తనార నాటేవాళ్లు, వేర్లు మన్నును పట్టుకుంటాయని. ఆ గట్లు ఇప్పుడు చాలాచోట్ల చదును చేసేశారు. నాకు చాలా బాధ.
అయినా నిలువుగా కోసిన చోట కిత్తనార ఒక్కటే ఆపదు, నమ్ముకోవద్దు. నీళ్లు ఆ కోతలోకి దిగకుండా చూడండి.

పాలకొండ వాకిలి (కడప)
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ చదివి వినిపిస్తే మా అవ్వకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఇళ్లకు పైన అడ్డంగా ఒక కాలువ ఉండేదంట. పైనుంచి దిగే నీళ్లను ఇళ్ల మీదికి రానీకుండా వంకలోకి మళ్లించేది. ఏటా వానలకు ముందు ఇంటికొకరు పోయి పూడిక తీసేవాళ్లంట. వెతికితే కంపల కింద దొరికింది. కోత పడిన చోట తెగిపోయింది, మిగతాది బాగానే ఉంది. ఐదిళ్లవాళ్లం కలిసి తీశాం, తెగిన చోట రాళ్లు, బంకమన్ను పెట్టాం. ఇంజనీరును పంపి కోతను చూడమని సచివాలయంలో అర్జీ కూడా ఇచ్చాం.
పైన ఒక పగులు ఉంది. మేకులు కొట్టాం. నిన్న జానెడు మీద రెండు వేళ్లు, ఈరోజూ అంతే. రేపు గట్టి వాన అంటున్నారు. అమ్మను, అవ్వను సాయంత్రానికే బడి దగ్గర మా అత్త ఇంటికి పంపిస్తున్నా. ఎల్లుండి మళ్లీ కొలిచి రాస్తా.