ఐదుగురు మెయింటైనర్లున్నా రివ్యూలు కదలట్లేదు – గిట్‌హబ్‌లో ఎలా పంచుకోవాలి?

రీబేస్_రాజు:
మాది గిట్‌హబ్‌లో ఆర్గనైజేషన్ కింద ఉన్న పబ్లిక్ రిపో (ప్రాజెక్ట్ కోడంతా ఉండే చోటు). మెయింటైనర్లం ఐదుగురం: ముగ్గురు హైదరాబాద్, ఇద్దరు డాలస్. ఏ ఫైల్‌ని ఎవరు రివ్యూ చేయాలో చెప్పే కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో ఒకే లైను, స్టార్ (అంటే అన్ని ఫైళ్లూ) పెట్టి ఐదుగురి పేర్లూ. పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే ఈ మార్పు కలపండి అనే అభ్యర్థన) వస్తే అందరికీ నోటిఫికేషన్ పోతుంది, ఎవరో ఒకరు చూస్తార్లే అని ఎవరూ తెరవరు. తెరిస్తే ఇద్దరు ఒకేసారి తెరిచి చెరో మాట చెప్తారు. పైగా టెస్టులు పాసైన రెండు పీఆర్‌లు వరసగా మెర్జ్ చేస్తే (కలిపితే) మెయిన్ అనే అసలు బ్రాంచ్ విరుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత_కమిట్:
ఆ లైనుతోనే. ఒకే లైనులో ఎంతమంది ఉన్నా ఏ ఒక్కరు అప్రూవ్ చేసినా చాలు, అందుకే అందరి పని ఎవరి పనీ కాకుండా పోతోంది. ఫోల్డర్లవారీగా విడగొట్టండి. రాసేటప్పుడు స్టార్ లైను పైనే ఉండాలి. ఒక ఫైల్‌కి సరిపోయే లైన్లలో చివరిదే చెల్లుతుంది కాబట్టి, స్టార్‌ని అడుగున పెడితే పైవన్నీ దండగ. అది తప్పు సింటాక్స్ కాదు గనక ఎర్రరూ రాదు.

ఫోల్డర్‌కి కనీసం రెండు పేర్లు రాయండి. ఎవరి పీఆర్ వాళ్లు అప్రూవ్ చేసుకోలేరు. ఓనర్ల రివ్యూ తప్పనిసరి అనే రూల్ ఆన్‌లో ఉండి ఓనర్ ఒక్కరే అయితే, ఆయన పెట్టిన పీఆర్ అక్కడే ఇరుక్కుంటుంది. రైట్ యాక్సెస్ (రిపోలో కోడ్ మార్చే అనుమతి) లేనివాళ్ల పేరు రాసినా లెక్కలోకి రాదు. ఇంకోటి, కోడ్‌ఓనర్స్ ఫైల్ మార్చిన పీఆర్‌లోనే కొత్త ఓనర్ల కోసం చూడకండి. గిట్‌హబ్ చదివేది బేస్ బ్రాంచ్‌లో (పీఆర్ కలవబోయే బ్రాంచ్‌లో) ఉన్న ఫైల్‌నే.

క్యూలో_నిలబడు:
పేర్ల బదులు టీమ్ రాసి, టీమ్ సెట్టింగుల్లో కోడ్ రివ్యూ అసైన్‌మెంట్ ఆన్ చేస్తే ఇంకా మేలు. వంతులవారీ పద్ధతి ఉంది, లోడ్ బ్యాలెన్స్ ఉంది. రెండోది 30 రోజుల్లో ఎవరికెన్ని వచ్చాయో చూసి సమం చేస్తుంది. ప్రొఫైల్ స్టేటస్‌లో బిజీ పెట్టుకున్నవాళ్ల జోలికి పోదు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకి చెప్పి ఉంచండి! ఓనర్ల రివ్యూ తప్పనిసరి చేసి ఉంటే మాత్రం టీమ్ పేరు కూడా లిస్టులో అలాగే ఉండిపోతుంది, కంగారుపడకండి.

ఇక మెయిన్ విరగడం. ఒక పీఆర్‌లో పార్స్_లైన్ అనే ఫంక్షన్ పేరు మార్చారు. ఇంకో పీఆర్ వేరే ఫైల్‌లో పాత పేరుతోనే దాన్ని కొత్తగా పిలిచింది. విడివిడిగా రెండూ టెస్టులు పాసై పచ్చగానే ఉంటాయి, గిట్‌కి కాన్‌ఫ్లిక్ట్ కనబడదు, కలిశాక బిల్డ్ పోతుంది. ఎంత బాగా రివ్యూ చేసినా ఇది దొరకదు. మెర్జ్ క్యూ పెట్టండి: ముందున్న పీఆర్‌లతో కలిపి టెస్ట్ చేశాకే మెయిన్‌లోకి పంపుతుంది. టెస్టులకి గిట్‌హబ్ యాక్షన్స్ (పనుల్ని ఆటోమేటిక్‌గా నడిపేది) వాడుతుంటే, వర్క్‌ఫ్లో ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్లలో మెర్జ్_గ్రూప్ చేర్చడం మరవద్దు. లేకపోతే తప్పనిసరి చెక్ మొదలే కాదు, పీఆర్ క్యూలోనే ఎదురుచూస్తుంది.

రీబేస్_రాజు:
థ్యాంక్సండీ. చెరో మాట చెప్పే గొడవకి సెట్టింగ్ ఏమైనా ఉందా?

పాత_కమిట్:
దానికి సెట్టింగ్ లేదండీ, కట్టుబాటే. కుబర్నెటీస్ అనే పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కోడ్ బాగుందనే ఎల్‌జీటీఎం ('లుక్స్ గుడ్ టు మీ') వేరు, లోపలికి రానిద్దామనే అప్రూవ్ వేరు. కొత్త కమిట్ పడితే ఎల్‌జీటీఎం దానంతటదే రాలిపోతుంది. మీరు అంత దూరం పోనక్కర్లేదు. పీఆర్‌లో అసైనీ (బాధ్యుడు) గడిలో ఒక్క పేరే పెట్టండి, ఆఖరి మాట ఆ మనిషిది, మెర్జ్ కూడా ఆయనే చేస్తారు. మిగతావాళ్లవి మామూలు కామెంట్లు.

'మార్పులు కావాలి' అనే బటన్‌ని పొదుపుగా వాడమనండి. రివ్యూ తప్పనిసరి ఉన్న బ్రాంచ్‌లో అది మెర్జ్‌ని ఆపేస్తుంది. నొక్కినవాళ్లు తిరిగొచ్చి అప్రూవ్ చేయాలి, లేదా ఇంకొకరు ఆ రివ్యూని డిస్మిస్ చేయాలి (పక్కన పెట్టేయాలి). డాలస్‌లో పడుకోబోతూ స్పెల్లింగ్ తప్పుకి అది నొక్కితే, హైదరాబాద్‌లో పగలంతా ఆ పీఆర్ ఆగినట్టే.