కాశీలో సాయంత్రం పడవ: అస్సీ దగ్గర ఎక్కాలా, కేదార్ ఘాట్ దగ్గరా?

కార్తీకంలో కాజీపేట నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పోతున్నం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కేదార్ ఘాట్ మెట్లు నిటారు. అస్సీ నయమే గానీ గంగా హారతి ఇచ్చే దశాశ్వమేధ్ ఘాట్ దూరం. ఘాట్లన్నీ తూర్పు ముఖం, పొద్దు మేడల వెనుక గుంకుతది, నవంబర్‌ల అయిదుంబావుకే. అందుకే నాలుగున్నరకు ఎక్కి, మణికర్ణిక దాకా పోయి, మళ్లొచ్చి హారతి చూడాలని ఆలోచన.

అక్కడ పడవలు అంచుకు అంచు ఆనించి నిలుపుతరు, నడుమ ఇరుక్కుంటే హారతి అయ్యేదాకా కదలరాదు. బయటి వరుస ఇమ్మంటే ఇస్తరా? అస్సీకి తిరుగు ప్రయాణం ఎదురు ప్రవాహం. తెడ్ల పడవకు మస్తు టైం పడుతది, మోటారుదే మాట్లాడాల్నా? బేరం మనిషికా, పడవ మొత్తానికా? ముఖ్యంగా, దిగేటప్పుడు పలక వేస్తరా, పెద్దోళ్లు అంచు దాటాల్సిందేనా? ఈ మధ్య పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి.