అప్‌డేట్: లుపిటా నీలి గౌను కుట్టేశాను

పోయిన నెల ఇక్కడ అడిగాను కదా, 2014 ఆస్కార్ వేడుకకు నటి లుపిటా న్యోంగో వేసుకున్న, ప్రాడా ఫ్యాషన్ సంస్థ చేసిన లేత నీలం గౌనులాంటిది చెల్లి రిసెప్షన్‌కు కుట్టుకోవచ్చా, మడతలు నిలుస్తాయా అని. కుట్టాను. నిలిచాయి, రెండో ప్రయత్నంలో.

మొదట మీ మాట వినకుండా నూలు బట్ట తెచ్చాను. కత్తి అంచుల్లా ఉన్న మడతలు ఒక్క ఉతుకుకే మాయం! వేడికి పడిన మడత ఉతికినా పోకూడదంటే పాలిస్టరే కావాలని ఇక్కడ చెప్పిన అక్కకు దండం. హనుమకొండ చౌరస్తాలో పాలిస్టర్ జార్జెట్ దొరికింది. ఈ రకం మడతకు మూడింతల బట్ట పడుతుంది. నా నడుము 30 అంగుళాలు కాబట్టి 90 అంగుళాల ఘేరు.

అంగుళానికొకటి చొప్పున ముప్పై మడతలు. వంటింటి గచ్చు మీద దుప్పటి పరిచి, ప్రతి మడతకూ పైనా కిందా గుండుసూది గుచ్చి, తడి గుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టాను. పూర్తిగా చల్లారేదాకా కదపలేదు. ఒక్కచోట గుడ్డ జారి, అక్కడ బట్ట నూనె పూసినట్టు మెరుస్తోంది. దాన్ని వెనక్కి తిప్పుకున్నాను, పవిట ఉంటే బాగుండేది.

మెడ దగ్గర మాత్రం ఓడిపోయాను. అసలు గౌనుకు మెడ బాగా లోతు. నాలుగు వేళ్లు పైకి తెచ్చాను. అమ్మ చూసి, "ఇంకో నాలుగు" అంది. చివరికి భుజం నుంచి భుజం దాకా అడ్డంగా సాగే పడవ మెడ (బోట్ నెక్) అయింది.

తర్వాత కుట్టబోయేది 1955లో హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీకి దుస్తుల డిజైనర్ ఎడిత్ హెడ్ రూపొందించిన శాటిన్ గౌను. శాటిన్‌కు ఎన్నో నంబరు సూది వాడుతున్నారు?